విజయనగరంలో మావయ్య సంచి, నా ట్రాలీ బ్యాగు

మా మావయ్యతో పలాస నుంచి విజయనగరం వెళ్లాను. రైలు టైముకే వచ్చింది, పైడితల్లి అమ్మవారి దర్శనం అరగంటలో అయిపోయింది. నా కోపమంతా లాడ్జి మీదే.

నేను టీ తాగుతుంటే మావయ్య ముందు వెళ్లి రూము అడిగారు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో జీడిపప్పు గుడ్డసంచి. కౌంటర్‌లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "ఖాళీ లేదు" అన్నాడట. ఐదు నిమిషాలకి నేను ట్రాలీ బ్యాగు లాక్కుంటూ వెళ్తే వాడే లేచి నిలబడ్డాడు. "ఏసీ 1,400 సార్, ఇప్పుడే ఇచ్చేస్తా." నేను గొడవకి దిగితే మావయ్య చెయ్యి పట్టుకుని "వద్దురా, పద" అన్నారు.

60 రూపాయల ఆటోలో మూడు లాంతర్ల జంక్షన్ వైపు వెళ్లాం. అక్కడ రూము 850. ఏసీ లేదు, బాత్రూములో బకెట్‌కి పిడి లేదు. కానీ కౌంటర్‌లో ముసలాయన ముందు మావయ్యనే అడిగాడు: "భోజనం చేసారా బాబూ?" మీరూ రూము అడగడానికి ముందు ఇంట్లో పెద్దవాళ్లనే పంపండి. ఎక్కడ దిగాలో వెంటనే తెలిసిపోతుంది.

మావయ్య 110 రూపాయల భోజనం సగం వదిలేశారు. మనసు మళ్లించాలని రాత్రి ఫోన్లో 'ట్రేడింగ్ ప్లేసెస్' పెట్టి, ఆపి ఆపి తెలుగులో చెప్పాను. 1983 హాలీవుడ్ సినిమా. ఇద్దరు ముసలి కోటీశ్వరులు ఒక్క డాలర్ పందెం కాసి, వీధిలో అడుక్కునేవాణ్ణి తమ కంపెనీలో కూర్చోబెట్టి, తమ బ్రోకర్‌ని రోడ్డున పడేస్తారు. క్లబ్బులో పాత స్నేహితులే ఆ బ్రోకర్‌కి మొహం చాటేసే చోట మావయ్య "ఆపు" అన్నారు. కాసేపు ఫ్యాను వైపు చూసి, "ఊఁ, పెట్టు" అన్నారు.

ఇక చివర్లో నారింజ రసం బేరం! గవర్నమెంటు పంట రిపోర్టు ముందే దొంగిలించాలని చూసిన ముసలాళ్ల చేతికి, ఆ బ్రోకరూ అడుక్కునేవాడూ కలిసి దొంగ రిపోర్టు అంటగడతారు. ఆ గోలంతా న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో, నిజంగా బేరాలు జరిగే చోటే తీశారు. మావయ్యకి అక్కడ నా తెలుగు అక్కర్లేకపోయింది. "పూత మాడిందని పుకారు లేపి, మన 80 కిలోల జీడిపిక్కల బస్తా ధర ఆడించినట్టే కదరా!" అని లేచి కూర్చున్నారు. గవర్నమెంటు లోపలి కబురు దొంగిలించి బేరమాడటం నేరమని అమెరికాలో 2010లో చట్టం తెచ్చారని, దాన్ని ఇందులో నటించిన ఎడ్డీ మర్ఫీ పేరుతోనే పిలుస్తారని చెప్పాను. "27 ఏళ్లు పట్టిందా!" అన్నారు.

పొద్దున్న నేను 850 కడుతుంటే, మావయ్య గుడ్డసంచి విప్పి ఆ ముసలాయన దోసిట్లో జీడిపప్పు పోశారు.