లూథర్ ఊళ్లు: విటెన్‌బర్గ్‌కి ఒక పూట, ఎర్ఫర్ట్‌కి ఒక రాత్రి

క్రైస్తవంలో ప్రొటెస్టెంట్ చీలికకి నాంది పలికిన మతగురువు మార్టిన్ లూథర్ జర్మనీలో తిరిగిన ఊళ్లు చూడాలనుకునేవాళ్లు ముందు విటెన్‌బర్గ్‌కే వెళ్తారు. బెర్లిన్ నుంచి ఐసీఈ రైల్లో 40 నిమిషాలే కదా. నన్నడిగితే అక్కడికి ఒక పూట చాలు, రాత్రి బస ఎర్ఫర్ట్‌లో పెట్టుకోండి.

విటెన్‌బర్గ్‌లో అందరూ ఫోటో దిగేది కోట చర్చి తలుపు దగ్గర. 1517 అక్టోబరు 31న పాపపరిహార పత్రాల (డబ్బు తీసుకుని పాపాల శిక్ష తగ్గిస్తామంటూ చర్చి ఇచ్చే కాగితాలు) మీద లూథర్ 95 వాదాంశాలు అంటించాడంటారే, అదే. ఆనాటి చెక్క తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1858 నాటి కంచుది. అసలు అంటించాడా లేదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్‌కి అదే రోజు ఉత్తరం రాసింది మాత్రం నిజం. పదవి కోసం చేసిన అప్పు తీర్చుకోడానికి పాపపరిహార పత్రాలు అమ్మిస్తున్నది ఆ ఆల్బ్రెక్టే. మిగతా వాటా రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి వెళ్లేది.

ఊరి చర్చిలో చిత్రకారులైన తండ్రీకొడుకులు క్రానాఖ్‌ల బలిపీఠ చిత్రం బాగుంటుంది. బయటి గోడ మీద యూదుల్ని అవమానించే పంది శిల్పం, దాని కింద 1988లో పెట్టిన స్మారక ఫలకం ఉన్నాయి. అవీ చూడండి. చివరి రోజుల్లో లూథర్ యూదుల మీద ఎంత విషం కక్కుతూ రాశాడో తెలిసినవాళ్లకి ఆ గోడ దాటిపోవడం కష్టం.

నేను దిగిన చిన్న హోటల్లో సాయంత్రానికే రిసెప్షన్ మూసేశారు. తాళం పెట్టె కోడ్ మెసేజ్ రాక కాసేపు టెన్షన్. అక్కడ బుక్ చేస్తే ఏ టైమ్ దాకా మనిషి ఉంటాడో ముందే అడగండి.

ఎర్ఫర్ట్ అగస్టీనియన్ మఠం వేరు. 1505 జులైలో పిడుగుపాటుకి హడలిపోయి సన్యాసినవుతానని మొక్కుకున్న లా విద్యార్థి లూథర్ చేరింది ఇక్కడే. సన్యాస ప్రమాణం చేసేటప్పుడు బలిపీఠం ముందున్న సమాధి రాయి మీద సాష్టాంగపడ్డాడట. అది జకారియే అనే పండితుడిది. 1415లో చర్చిని విమర్శించిన చెక్ మతగురువు యాన్ హుస్‌ని సజీవదహనం చేయించిన సభలో హుస్‌కి ఎదురు వాదించినవాడు! తర్వాత హుస్ మాటల్లో నిజముందన్నాడు లూథర్. ఆ రాయి దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను.

ఉపవాసాలు, జాగారాలు, గంటల తరబడి పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం). అయినా దేవుడు తనని క్షమించాడన్న నమ్మకం కుదరలేదు ఆయనకి. చర్చిలో చీలిక ఇక్కడి అనుమానంలోనే మొదలైందనిపిస్తుంది, పత్రాల గొడవ తర్వాతి మాట. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చినప్పటి నుంచీ లూథరన్ పేరు తెలిసిన గుంటూరువాళ్లు ఈ మఠం తప్పక చూడాలి.

మఠంలోనే గదులు అద్దెకిస్తారు. టీవీ ఉండదు, గది సాదాగా, శుభ్రంగా ఉంటుంది. నాకు నచ్చింది. పిల్లలతో వెళ్తే విసుగొస్తుందేమో.

ఇంకో రోజుంటే ఐసెనాఖ్ వెళ్లండి, గంటలోపే. 1521లో లూథర్ తలదాచుకుని బైబిల్ కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చిన వార్ట్‌బర్గ్ కోట అక్కడుంది. సైతాను మీదికి సిరా విసిరాడన్న గోడ మరక కథ సరదాకి వినండి, నమ్మకండి. ఊళ్లోంచి బస్సుంది. చివర్లో మాత్రం ఎక్కక తప్పదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.