పాత కారు తలుపు కీళ్లు: పిన్నూ బుష్షూ మార్చడం మేలా, కొత్త కీలు బిగించడం మేలా?

పాత కారు తలుపును సగం తెరిచి, వెనుక అంచును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకెత్తి చూడండి. చూపు అంచు మీద కాకుండా కీలు మీద ఉండాలి. కీలు రెండు పలకలనూ కలిపే ఇరుసు లాంటి పిన్ను చుట్టూ కీలు ఆడుతుంటే అరుగుదల కీలులోనే ఉందని అర్థం. అలా కాక, కీలు గట్టిగానే ఉండి, దాన్ని బిగించిన పిల్లర్ (తలుపు వేలాడే నిలువు స్తంభం) రేకే కదులుతుంటే లోపల తుప్పు పట్టిందన్నమాట. అప్పుడు ముందుగా చేయవలసింది రేకు పని. తుప్పు తిన్న పిల్లర్‌కు ఎంత మంచి కీలు బిగించినా తలుపు మళ్లీ వాలుతుంది.

కొద్దిపాటి వదులే కదా అని ఊరుకోకూడదు. రెండు కీళ్ల మధ్య దూరం 400 మిల్లీమీటర్లు, తలుపు పొడవు 1,000 మిల్లీమీటర్లు అనుకుంటే, పై కీలులో ఏర్పడిన అర మిల్లీమీటరు వదులు వెనుక అంచు దగ్గర 1.25 మిల్లీమీటర్ల దిగుడు అవుతుంది. తలుపు బరువు పై కీలును బయటికి లాగుతూ, కింది కీలును లోపలికి నొక్కుతూ ఉంటుంది కనుక పిన్ను చుట్టూ సమంగా అరగదు. ఒక పక్కనే అరిగి, రంధ్రం క్రమంగా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

నా కారు పై కీలు పిన్నును ఊడదీసినప్పుడు ఇది కళ్లారా చూశాను. తల కింద పిన్ను మందం చెక్కుచెదరలేదు. దాని దిగువన మాత్రం గోరు తగిలి ఆగేంత గాడి పడింది. పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టం లాంటి ఇత్తడి రంగు బుష్షు ఒక వైపు కాగితమంత పలచబడి, వేలితో నొక్కగానే రెండు ముక్కలైంది. అంతకుముందు తలుపు సరిగ్గా పడడం లేదని నేను లాక్ స్ట్రైకర్‌ను (మూసిన తలుపు లాక్‌ను పట్టి ఉంచే, బాడీకి బిగించిన కొక్కేన్ని) కిందికి దించాను. అది పొరపాటు. తలుపు మూతపడింది కానీ వాలుడు అలాగే ఉండిపోయి, కింది అంచు గుమ్మానికి రాసుకుని రంగు లేచిపోయింది.

ఇక ఎంపిక విషయానికి వస్తే, బుష్షులున్న కీలుకు పిన్నూ బుష్షులూ మార్చడమే మొదటి మార్గమని నా అభిప్రాయం. మెత్తని కంచు బుష్షు తాను అరిగి, ఖరీదైన కీలు పలకను కాపాడాలన్నదే ఆ అమరికలోని ఆలోచన. చాలా కార్లలో పలకలను పిల్లర్ నుంచి విప్పకుండానే పిన్నును కొట్టి తీయవచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే, ఎందుకంటే పలకలు కదలకపోతే తలుపు చుట్టూ ఉన్న సందుల కొలతలు కూడా చెదరవు. పిన్ను తీసే ముందు మాత్రం తలుపు కింద జాకీ పెట్టి, దాని మీద గుడ్డ చుట్టిన చెక్క ఉంచి, బరువంతా దాని మీదికి తేవాలి.

బుష్షులు లేకుండా ఉక్కు పిన్ను నేరుగా పలకలో తిరిగే కీళ్లూ ఉన్నాయి. వీటిలో రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని కొలతకు నున్నగా కోసే పనిముట్టుతో) గుండ్రంగా సరిచేసి, కాస్త లావు పిన్ను వేస్తారు. చేతి డ్రిల్లుతో ఈ పని చేయబోతే రంధ్రం వంకర పోతుంది. పలకలో పిన్ను దూరే పై చెవీ కింది చెవీ ఒకే గీతలో ఉండేలా రీమర్‌ను ఒకే ఊపులో రెండింటి గుండా పంపాలి. ఆ వసతి లేనివారు కీలును విప్పి లేతు పనివారికి ఇవ్వడం మంచిది.

కొత్తగా తయారైన కీలు కొనడం సులువుగా తోస్తుంది. పిన్ను తాజాది, రంధ్రం తాజాది. అయితే పలక మందంలోనో, స్క్రూ రంధ్రాల స్థానంలోనో చిన్న తేడా ఉన్నా తలుపును మొదటినుంచి సర్దుకోవలసి వస్తుంది. 1959లో వచ్చిన తొలి మినీ వంటి కార్లలో కీళ్లు బయటికే కనిపిస్తాయి కాబట్టి ఆకారంలో తేడా కూడా కంటికి కొడుతుంది. పైగా దశాబ్దాలుగా కదలని స్క్రూలను విప్పాలి. వాటికి తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి నాననిచ్చి, సుత్తి దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడాలి. లేకపోతే తలలు చెడిపోతాయి. విప్పే ముందు పలక చుట్టూ సన్నటి గీత గీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు ఆధారం దొరుకుతుంది.

మరో కారు నుంచి తీసిన పాత కీలు ఆకారంలో అచ్చంగా సరిపోతుంది, కానీ దాని వయసూ మీ కీలు వయసే. డ్రైవరు వైపుకన్నా అవతలి వైపు కీళ్లు సాధారణంగా తక్కువ అరుగుతాయి. అయితే కుడి ఎడమలకు ఒకే కీలు సరిపోదు కనుక కొనేటప్పుడు ఏ వైపుదో అడిగి తెలుసుకోవాలి.

కీలు చెవి పగిలినా, పలక వంగినా, రీమర్ వేశాక చుట్టూ లోహం మరీ పలచబడేలా ఉన్నా, ఎవరైనా పిన్నును పలకకు వెల్డింగ్ చేసేసినా మాత్రం మరమ్మతు మీద ఆశ వదులుకుని కీలునే మార్చాలి. ఏ దారి ఎంచుకున్నా, పై కీలుతో పాటు కింది కీలు పిన్నునూ అప్పుడే చూసుకోండి. తుది బిగింపుకు ముందు స్ట్రైకర్‌ను పూర్తిగా తీసేసి తలుపు మూయండి. దాని ఊతం లేకుండానే తలుపు సందులు పైనుంచి కిందికి సమంగా ఉన్నప్పుడే స్క్రూలను గట్టిగా బిగించి, స్ట్రైకర్‌ను తలుపుకు తగ్గట్టు అమర్చుకోవాలి.