మాజ్డా ఎంఎక్స్-5: ఉన్నదంతా వాడుకోగలిగిన స్పోర్ట్స్ కారు

జపాన్ సంస్థ మాజ్డా తయారుచేసే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఎంఎక్స్-5. దాని నాలుగో తరం కారును నేను కొన్నేళ్లుగా నడుపుతున్నాను. నాది గుడ్డ పైకప్పు, 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న రకం. ఇది సెలవు రోజుల్లో మాత్రమే కవరు తీసి బయటికి తెచ్చే బండి కాదు. ఆఫీసుకైనా, సరుకులకైనా, దూర ప్రయాణానికైనా దీన్నే తీస్తాను. కొన్న కొత్తలో రాసే సమీక్షలో ప్రతి గుణమూ గొప్పగానే కనిపిస్తుంది కాబట్టి, మోజు తీరి, కారులోని ప్రతి శబ్దమూ ప్రతి ఇబ్బందీ అలవాటైన తర్వాత కూడా నిలిచి ఉన్నదేమిటో చెప్పాలన్నదే నా ఉద్దేశం. నాలో నిలిచిన అభిప్రాయం ఇది: ఈ కారులో ఉన్న సామర్థ్యాన్నంతా మామూలు మనిషి మామూలు రోడ్డు మీద, చట్టం అనుమతించే వేగంలోనే, ఖర్చుకు జంకకుండా వాడుకోగలడు. దీన్ని సొంతం చేసుకోవడంలోని ఆనందం చాలావరకు అక్కడే ఉంది.

అంకెల్లో చూస్తే ఇది మరీ శక్తిమంతమైన కారేమీ కాదు. 1.5 లీటర్ల ఇంజిన్ 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 131 హార్స్‌పవర్, 4,800 ఆర్‌పీఎం దగ్గర 150 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. ఈనాటి టర్బో హ్యాచ్‌బ్యాక్‌లు చాలా వాటిలో ఇంతకంటే ఎక్కువ టార్క్ ఉంటుంది, అదీ ఇంజిన్ ఇంతగా తిరగకుండానే అందుతుంది. అయితే ఆ కార్లు మోయవలసిన బరువు ఎంత, ఈ కారు మోసే బరువు ఎంత అన్నది చూడకుండా ఆ పోలిక పూర్తి కాదు. నాలుగో తరంలో జపాన్‌లో అమ్మిన అన్నిటికంటే తేలికైన రకం బరువు 990 కిలోలు మాత్రమే. 2010ల నాటి భద్రతా ప్రమాణాలకు సరిపోయే కారును ఒక టన్ను లోపల నిలబెట్టడానికి ఇంజినీర్లు ఎక్కడెక్కడ గ్రాములు తగ్గించారో చూస్తే వారి పట్టుదల అర్థమవుతుంది. బోనెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేశారు. మూడో తరంలో చక్రానికి ఐదు నట్లు ఉంటే, నాలుగో తరంలో మళ్లీ నాలుగుకు వచ్చారు. 1.5 లీటర్ల కారు టైరు 195/50 ఆర్16, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, ఎన్నో సాధారణ కుటుంబ కార్ల టైరు కంటే సన్ననిది. పొడవు 3,915 మిల్లీమీటర్లు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,310 మిల్లీమీటర్లు. ఇంజిన్‌ను ముందు ఇరుసుకు వెనకగా జరిపి కూర్చోబెట్టారు, గేర్‌బాక్స్‌నూ, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ ఒక అల్యూమినియం చట్రంతో కలిపి బిగించారు. మొదటి తరం నుంచీ వస్తున్న ఏర్పాటు అది. యాక్సిలరేటర్ మీద కాలు వేసిన మరుక్షణం వెనక చక్రాలు స్పందించినట్టు అనిపించడానికి ఆ చట్రం ఒక ముఖ్య కారణం.

ఈ కొలతలన్నీ నడిపేటప్పుడు ఎలా అనుభవంలోకి వస్తాయో చెప్పాలి. ఒక శక్తిమంతమైన కారులో రెండో గేరు చివరిదాకా వెళ్లేసరికే వేగ పరిమితి దాటిపోతుంది, ఇక మిగిలిన గేర్లన్నీ ఓపిక పట్టడానికే పనికొస్తాయి. ఈ కారులో మలుపు నుంచి బయటికి వస్తూ రెండో గేరులో ఇంజిన్‌ను పూర్తిగా తిరగనిచ్చి, మూడో గేరుకు మార్చి, మళ్లీ తదుపరి మలుపుకు ముందు రెండుకు దించడం అనే పనంతా తప్పేమీ చేయకుండానే చేయవచ్చు. ఇంజిన్‌కు నాలుగు వేల పైన గొంతు విప్పే స్వభావం ఉంది. అక్కడి నుంచి ఏడు వేల వరకు దాని ఉత్సాహం పెరుగుతూనే పోతుంది. గేరు రాడ్డు కదిలే దూరం చాలా తక్కువ, మణికట్టు కదిపితే చాలు, మంచి తాళంలో తాళంచెవి తిరిగినంత కచ్చితంగా గేరు పడుతుంది. యాక్సిలరేటర్ పెడల్‌ను కింద నేలకు బిగించడం వల్ల బ్రేకు మీద పాదం ఉంచి, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను తాకుతూ గేరు తగ్గించే మెలకువ సులభంగా అబ్బుతుంది. ఇన్నేళ్లలో నాకు ఎన్నడూ విసుగు కలిగించని భాగం ఏదని అడిగితే ఈ గేర్‌బాక్స్ అనే చెబుతాను. అవసరం లేకపోయినా గేరు మార్చాలనిపించడం ఈ కారు వాడేవారందరికీ తెలిసిన బలహీనతే.

మలుపుల్లో దీని నడత గురించి సమీక్షకుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. సస్పెన్షన్ మెత్తగా ఉంటుంది, మలుపులో బాడీ స్పష్టంగా ఒరుగుతుంది, స్పోర్ట్స్ కారంటే బిగుసుకుని ఉండాలని భావించేవారికి అది లోపంగా తోస్తుంది. నా అభిప్రాయం వేరు. ఆ ఒరుగుడు వల్లనే టైరు మీద ఎంత భారం పడుతోందో, ఇంకా ఎంత పట్టు మిగిలి ఉందో నడిపేవారికి ముందుగానే తెలుస్తుంది, గతుకుల రోడ్డు మీద నడుము కూడా నిలుస్తుంది. 2022 నుంచి వచ్చిన కార్లలో మలుపు లోపలివైపు వెనక చక్రానికి స్వల్పంగా బ్రేకు వేసి బాడీ పైకి లేవకుండా చూసే ఏర్పాటు చేర్చారు. బరువు పెంచకుండా చేసిన మంచి సవరణ అది. స్టీరింగ్ విషయంలో మాత్రం విమర్శకులతో నేను ఏకీభవిస్తాను. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ చురుకుగా, సూటిగా ఉంటుంది కానీ, రోడ్డు ఉపరితలం చేతికి చెప్పే సంగతులు మొదటి తరం కారులో అందినంతగా ఇందులో అందవు.

ఇక పైకప్పు. కన్వర్టిబుల్, అంటే పైకప్పు తీయగలిగే కారు, కొనాలనుకునేవారు దీని గురించే ఎక్కువగా సందేహిస్తారు, వాడినవారు దీని గురించే ఎక్కువగా మాట్లాడతారు. ఎంఎక్స్-5 గుడ్డ పైకప్పుకు మోటారు లేదు. అద్దం దగ్గర ఉన్న ఒక్క గొళ్లెం విప్పి, సీట్లో కూర్చునే ఒంటిచేత్తో వెనక్కి తోసి, చివర్లో టక్కుమనే వరకు నొక్కితే పని పూర్తవుతుంది. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం వెలిగి ఉన్నంతసేపట్లో తీయనూ వచ్చు, వేయనూ వచ్చు. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, పైకప్పు తీయడం ఒక ప్రయాసగా మారిన కన్వర్టిబుల్ క్రమంగా మూసిన కారుగానే మిగిలిపోతుందన్నది నేను చాలామంది దగ్గర గమనించిన విషయం. ఇంత సులభం కాబట్టే నేను పది నిమిషాల ప్రయాణానికి కూడా పైకప్పు తీస్తాను.

పైకప్పు తీసినప్పుడు మారేది గాలి ఒక్కటే కాదు. కింది భాగంలో, రోడ్డుకు దగ్గరగా కూర్చుని, పైన ఏ అడ్డూ లేకుండా వెళ్తుంటే గంటకు అరవై కిలోమీటర్ల వేగం కూడా నిండుగా ఉంటుంది, అందువల్ల ఇంకా వేగంగా పోవాలన్న తొందర దానంతట అదే తగ్గుతుంది. చెట్ల నీడలోకి ప్రవేశించగానే చల్లదనం మెడకు తెలుస్తుంది. వాన వెలిసిన నేల వాసన, కోసిన గడ్డి వాసన, దూరంగా ఎక్కడో మండుతున్న కట్టెల వాసన విడివిడిగా అందుతాయి. ఇంజిన్ చప్పుడు పక్క గోడను తాకి తిరిగి వస్తుంది. రోజూ వెళ్లే దారిలో పక్షుల అరుపులు ఇన్ని ఉన్నాయని నాకు ఈ కారే చూపింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో పైకప్పు మూసి ఏసీ వేసుకోవడమే వివేకం, తెల్లవారుజామూ సాయంత్రమూ దీనికి అసలైన వేళలు. చలి రోజుల్ని చాలామంది ఊరికే వదులుకుంటారు. పక్క అద్దాలు పైకి ఎత్తి, హీటర్ పాదాల మీదికి వదిలి, టోపీ పెట్టుకుంటే చలికాలపు ఉదయం ఈ కారులో గడపదగిన మేలైన సమయాల్లో ఒకటి.

ఇటువంటి కారు అందుబాటు ధరకు దొరకడం యాదృచ్ఛికం కాదు. బ్రిటన్‌కు చెందిన చిన్న స్పోర్ట్స్ కార్లు ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, లోటస్ ఎలాన్ మూడూ 1962లోనే వచ్చాయి. మొదటి రెండింటి తయారీ 1980లో ఆగిపోయేసరికి చిన్న, చవకైన రోడ్‌స్టర్ (పైకప్పు తీయగలిగే రెండు సీట్ల కారు) అనే కోవే దాదాపు ఖాళీ అయింది. అమెరికన్ మోటారు పాత్రికేయుడు బాబ్ హాల్ అలాంటి కారు మళ్లీ కావాలని మాజ్డా ఉన్నతాధికారి కెనిచి యమమోతోకు చెప్పడం, ఆ తర్వాత తానే ఆ సంస్థలో చేరడం, తోషిహికో హిరాయ్ నాయకత్వంలో కారు తయారై 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో ప్రజల ముందుకు రావడం తెలిసిన చరిత్రే. ఆ చరిత్రలో కొనుగోలుదారుకు పనికొచ్చే సంగతి మరొకటుంది. మొదటి ఎంఎక్స్-5 కోసం ఖరీదైన కొత్త ఇంజిన్ చేయలేదు, 323 అనే తమ కుటుంబ కారులోని 1.6 లీటర్ల ఇంజిన్‌నే మలిచి వాడారు. డబ్బంతా సస్పెన్షన్ మీద, బరువు పంపిణీ మీద, గేరు రాడ్డు స్పర్శ మీద పెట్టారు. నా కారులోని 1.5 లీటర్ల ఇంజిన్ కూడా ఆ సంస్థ మామూలు కార్లలో వాడిన ఇంజిన్ కుటుంబానికి చెందినదే. అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా ఇది 2000 సంవత్సరంలో గిన్నిస్ రికార్డుకెక్కింది, 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. ఎంజీఎఫ్, ఫియట్ బార్కెట్టా, టొయోటా ఎంఆర్-ఎస్ వంటివి దీని బాట పట్టి వచ్చి వెళ్లిపోయాయి.

ఆ పాత నిర్ణయాల ఫలితం నిర్వహణ ఖర్చులో నేరుగా తెలుస్తుంది. తేలికైన కారు బ్రేకులనూ టైర్లనూ మెల్లగా అరగదీస్తుంది. టైర్లు చిన్నవి కాబట్టి మార్చేటప్పుడూ గుండె ఝల్లుమనదు. టర్బో లేదు, మోటారు పైకప్పు లేదు, నాలుగు చక్రాల డ్రైవ్ లేదు, అంటే చెడిపోవడానికి ఉన్న భాగాలే తక్కువ. ఖరీదైన స్పోర్ట్స్ కార్ల యజమానులు కిలోమీటర్లు పెరుగుతాయని బండిని దాచుకోవడం చూస్తుంటాం. ఈ కారు విషయంలో ఆ బెంగ అక్కర్లేదు, వాడే కొద్దీ దాని విలువ నాకు పెరుగుతూనే ఉంది.

పరిమితులను దాచడం న్యాయం కాదు. డిక్కీ 130 లీటర్లు, మెత్తటి బ్యాగులు రెండు పడతాయి, గట్టి సూట్‌కేసు పట్టదు. డ్యాష్‌బోర్డులో గ్లవ్‌బాక్స్ లేదు, సీట్ల మధ్య వెనకవైపు ఉన్న తాళపు అర ఒక్కటే దిక్కు. స్టెప్నీ లేదు, పంక్చర్ సామాగ్రి మాత్రం ఇస్తారు. ఆరో గేరు నిష్పత్తి సరిగ్గా 1:1, అంటే ఇంజిన్ చుట్లు గేర్‌బాక్స్‌లో మారకుండా అలాగే బయటికి పోతాయి కాబట్టి హైవే మీద ఇంజిన్ కాస్త ఎక్కువగానే తిరుగుతుంది, గుడ్డ పైకప్పు మీది గాలి శబ్దం దానికి తోడవుతుంది, కాబట్టి గంటల తరబడి హైవే ప్రయాణమే మీ అవసరమైతే ఈ కారు మీకు అలసట తెస్తుంది. లారీ పక్కన వెళ్లేటప్పుడు కళ్లు దాని చక్రం ఎత్తులో ఉంటాయి, అవతలివారు మనల్ని చూశారని అనుకోకుండా నడపడం నేర్చుకోవాలి. బాగా పొడవైనవారు పైకప్పు మూసి కూర్చుని చూడకుండా బయానా ఇవ్వకూడదు. పిల్లలున్న ఇంట్లో ఇది ఏకైక కారు కాలేదు.

గుడ్డ పైకప్పు సంరక్షణకు పెద్ద విద్య అక్కర్లేదు కానీ క్రమం తప్పకూడదు. తడిగా ఉన్నప్పుడు మడిచి ఎక్కువసేపు ఉంచరాదు, మడతల్లో బూజు పడుతుంది. మెత్తటి బ్రష్షుతో, గుడ్డకు తగిన సబ్బుతో కడిగి, ఆరిన తర్వాత నీరు అంటకుండా చేసే ద్రవం పట్టించాలి. అధిక పీడనంతో నీళ్లు చిమ్మే యంత్రాన్ని కుట్ల దగ్గరికి తేవద్దు. అన్నిటికంటే ముఖ్యమైనవి పైకప్పు వెనక మూలల్లో ఉన్న నీటి కాలువలు. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీరు కారు లోపలికీ, తలుపుల కింది పెట్టె భాగంలోకీ చేరుతుంది. పాత తరాల కార్లలో తుప్పు మొదట కనిపించే చోటు అదే. మొదటి తరం కారు కొనేవారు అందుకే మెరిసే రంగు కంటే ముందు తలుపుల కింది భాగాన్ని, వెనక చక్రాల ముందున్న మూలలను తడిమి చూడాలి. ఆ తరంలో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది కాబట్టి జిప్పు విప్పకుండా మడిస్తే గీత పడి మసకబారుతుంది. రెండో తరం నుంచి గాజు వచ్చింది.

నాలుగో తరంలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం కొంత పక్షపాతంతో కూడినదే. రెండు లీటర్ల ఇంజిన్ 2019 మోడల్ నుంచి 7,500 ఆర్‌పీఎం వరకు తిరుగుతూ 181 హార్స్‌పవర్ ఇస్తుంది, అది నిజంగా వేగమైన కారు, కొండ దారుల్లో ఎక్కువగా తిరిగేవారికి తగినది. మోటారుతో మడుచుకునే గట్టి పైకప్పు ఉన్న ఆర్‌ఎఫ్ రకం మూసినప్పుడు నిశ్శబ్దంగా, బయట నిలిపినప్పుడు నిశ్చింతగా ఉంటుంది, కానీ తెరిచినప్పుడు వెనక స్తంభాలు అలాగే నిలబడి ఉండడంతో ఆకాశం సగమే దొరుకుతుంది, బరువూ పెరుగుతుంది. రెండింటినీ నడిపి చూసిన తర్వాత కూడా నేను చిన్న ఇంజిన్‌నూ గుడ్డ పైకప్పునూ మార్చుకోవాలని అనుకోలేదు. కొనేముందు నడిపి చూసేటప్పుడు హైవే మీదికి వెళ్లకండి. మలుపులున్న ఇరుకు రోడ్డు ఒకటి ఎంచుకుని, పైకప్పు తీసి, రెండు మూడు గేర్లలోనే అరగంట నడపండి. అక్కడ ఈ కారు మీకు నచ్చకపోతే ఇంకే సదుపాయం చేర్చినా నచ్చదు.