ఆల్పైన్ టన్నెల్ రైలుకట్ట: ముందు తూర్పు వైపు, తర్వాతే పడమటి వైపు

సొరంగం చూద్దామని వెళ్తే రెండు స్టార్లు. సొరంగం దాకా వెళ్లే రైలుకట్ట చూద్దామని వెళ్తే నాలుగున్నర. అమెరికాలో కొలరాడో కొండల మీద ఎప్పుడో మూతపడిన రైలు సొరంగం ఆల్పైన్ టన్నెల్ గురించి ముందుగా చెప్పాల్సింది ఇదే. నెట్‌లో పాత ఫొటోలు చూసి, చీకట్లోకి నాలుగడుగులు వేయొచ్చని ఆశపడి వెళ్లేవాళ్లు చివరికి కనిపించే రాళ్లగుట్టను చూసి ఉసూరుమంటారు. సొరంగం రెండు నోళ్లూ ఎప్పుడో పూడిపోయాయి. లోపలికి దారి లేదు, వెతకనూ కూడదు.

ఈ రైలు లైను కట్టడమే ఒక పిచ్చి. డెన్వర్, సౌత్ పార్క్ అండ్ పసిఫిక్ కంపెనీ గన్నిసన్ గనుల సరుకు కోసం 1880లో కొండ తొలవడం మొదలెట్టింది. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నారు. లోపల గట్టి రాయి బదులు పొడిపొడిగా రాలే గ్రానైటు, దాంతోపాటు నీటి ఊటలు తగిలాయి. తవ్విన చోటల్లా పైకప్పు కూలుతుంటే కాలిఫోర్నియా నుంచి రెడ్‌వుడ్ దుంగలు తెప్పించి లోపలంతా చెక్క కట్టుబడి వేశారు. 1,772 అడుగుల సొరంగం, 11,500 అడుగులు దాటిన ఎత్తులో. రైళ్ల రాకపోకలు 1882లో మొదలయ్యాయి. అప్పటికే పోటీ కంపెనీ డెన్వర్ అండ్ రియో గ్రాండే, మార్షల్ పాస్ మీదుగా 1881లోనే గన్నిసన్ చేరి కూర్చుంది. మధ్యలో కొన్నేళ్లు మూతపడి, మళ్లీ తెరుచుకుని, 1910లో శాశ్వతంగా ఆగిపోయింది. తర్వాత పట్టాలు పీకేశారు. మిగిలింది కట్ట, లైను కోసం కొండను కోసిన కోతలు, గోడలు, తూములు. అంటే ఆ ఆనవాళ్లను చదవడం వచ్చినవాళ్లకి అసలు సరుకంతా ఉన్నట్టే.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 3 అడుగులు, 914 మిల్లీమీటర్లు. నౌపడా–గుణుపురం చిన్న రైలును చూసిన శ్రీకాకుళం వాళ్లకు ఒక పోలిక: అది బ్రాడ్‌గేజి కాకముందు 762 ఉండేది, ఇది దానికంటే ఆరంగుళాలు వెడల్పు. అది మైదానం బండి, ఇది కొండబండి. గేజి చిన్నదైతే మలుపు బిగువుగా తిప్పొచ్చు, కొండ అంచున చెక్కాల్సిన మెట్టు వెడల్పు తగ్గుతుంది, పేల్చాల్సిన రాయి తగ్గుతుంది. ఇక్కడ అన్ని లెక్కలూ అందులోంచే పుట్టాయి.

ముందు తూర్పు వైపు. డెన్వర్ నుంచి 285 హైవే మీద నాత్రాప్, అక్కడ 162 కౌంటీ రోడ్డు పట్టుకుని చాక్ క్రీక్ వెంట సెయింట్ ఎల్మో. ఆ రోడ్డు పైభాగం చాలావరకు పాత రైలుకట్ట మీదే వేసింది. కారు ఎక్కడా గేరు మార్చనక్కర్లేకుండా ఒకే తీరుగా ఎక్కుతుంటే మీరు కట్ట మీద ఉన్నట్టే. సెయింట్ ఎల్మో దాకా మామూలు సెడాన్ వెళ్తుంది. ఆ పాత ఊరి వీధి బాగుంటుంది, జనం కూడా అంతే ఉంటారు. ఓ అరగంట చాలు.

ఊరికి కాస్త ముందే ఎడమకి చీలే 295 రోడ్డులో ఐదున్నర మైళ్లు పైకెళ్తే హాంకాక్. ఇదీ రైలుకట్టే. మధ్యలో రామ్లీ, మేరీ మర్ఫీ గని ఊరు. వాలు సులువే గానీ రాళ్లు పైకి తేలి ఉంటాయి, వాన పడితే గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. బండి కింది ఎత్తు కనీసం 8 అంగుళాలు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ కంటే ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్సే ముఖ్యం. డెన్వర్ విమానాశ్రయంలో అద్దెకు తీసిన ఎస్‌యూవీతో వచ్చేవాళ్లు ఒప్పందం చదవండి: చాలా అద్దె కంపెనీలు తారు లేని రోడ్డు మీద జరిగిన నష్టానికి బాధ్యత తీసుకోవు. టైరు పక్కగోడ చీలితే పంక్చర్ కిట్ పనికిరాదు, పూర్తి సైజు స్టెప్నీ కావాలి. బూట్ తెరిచి డోనట్ టైరు (చిన్న తాత్కాలిక స్టెప్నీ) కనిపిస్తే సెయింట్ ఎల్మో దగ్గరే బండి ఆపి నడవడం మేలు.

హాంకాక్ నుంచి తూర్పు నోటి దాకా సుమారు రెండున్నర మైళ్ల నడక. ఈ నడకే మొత్తం యాత్రలో అన్నిటికంటే మంచి భాగం. నాలుగు శాతం వాలు, అంటే వంద అడుగులకు నాలుగు అడుగులు, మైలుకు 211. కాళ్లకు అసలు తెలియదు, ఊపిరితిత్తులకు మాత్రం తెలుస్తుంది. పెద్దవాళ్లు, పిల్లలు కూడా నడవగలిగిన దారి.

ఏం చూడాలి? మొదట స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క దుంగలు. చాలాచోట్ల గడ్డిలో సగం కూరుకుపోయి కనిపిస్తాయి, కొన్నిచోట్ల చెక్క పోయి అచ్చు మాత్రం మిగిలింది. వరుసగా అడ్డంగా చిన్న పల్లాలు ఉంటే అవే. బాగా మిగిలిన స్లీపరు దొరికితే కొలతటేపు పెట్టండి. పట్టాకు రెండు పక్కలా మేకులు కొడతారు కాబట్టి నాలుగు రంధ్రాలు ఉండాలి. లోపలి రెండు రంధ్రాల మధ్య 36 అంగుళాలకు కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే గేజి కొలిచేది పట్టా తల లోపలి అంచుల మధ్య, మేకు దిగేది అంతకంటే వెడల్పైన పట్టా అడుగు పక్కన. ఇది తెలియనివాళ్లు 34 చూసి ఇదేదో వేరే గేజి అని రాసేస్తుంటారు. స్లీపరును మాత్రం తవ్వకండి, కదపకండి.

రెండోది రంగు. కట్ట మీద మట్టి నల్లగా, గరుకుగా, తేలిగ్గా ఉంటే అది బొగ్గు చిట్టెం. ఇంజన్లు ఆగి బూడిద దులిపిన చోట అది దట్టంగా ఉంటుంది. దగ్గర్లోనే గుండ్రంగా పేర్చిన రాళ్ల పునాదో, బలమైన దుంగలో ఉంటే నీళ్ల ట్యాంకు అక్కడే ఉండేది. మూడోది తూములు. కట్ట ఒకచోట తెగిపోయి వాగు పారుతుంటే దిగువన చూడండి, పాత తూము రాళ్లు పడి ఉంటాయి. ఇలాంటి లైన్లలో కట్ట తెగేది ఎక్కువగా తూము పూడిపోయిన చోటే. కట్టను మోసేది మట్టి అయితే, కాపాడేది తూము.

తూర్పు నోటి ముందున్న లోతు కోతలో జూలైలో కూడా మంచు మిగిలి ఉండొచ్చు, నీళ్లు నిలుస్తాయి. మంచు పడకుండా కట్టిన చెక్క షెడ్డు కూలి, దూలాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మీద ఎక్కొద్దు: పైకి గట్టిగా కనిపించే దూలం లోపల పొట్టులా ఉంటుంది, మేకులు పైకి లేచి ఉంటాయి. సొరంగం వైపు సందులు కనిపించినా తల పెట్టొద్దు. 1895లో మళ్లీ తెరిచే పనుల్లో ఇంజన్ పొగ లోపల నిలిచి నలుగురు ఊపిరాడక చనిపోయిన సొరంగం ఇది. పొగ పోయి వందేళ్లు దాటినా గాలి ఆడని చోటు, కూలే పైకప్పు అలాగే ఉన్నాయి.

శక్తి ఉంటే నోటి పక్కనుంచి కాలిబాట కొండ మీదికెక్కి, కాంటినెంటల్ డివైడ్ (వాననీళ్లు రెండు మహాసముద్రాల వైపు విడిపోయే కొండగట్టు) దాటి, పడమటి వైపు ఆల్పైన్ స్టేషన్‌కు దించుతుంది. దాదాపు మైలు. ఇది రైలు వాలు కాదు, నిజమైన ఎక్కుడు. ఉదయం 11 లోపు దాటేలా ఉంటేనే ఎక్కండి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు ఆనవాయితీ, చెట్టు లేని గట్టు మీద పిడుగుకు మీరే ఎత్తైన వస్తువు.

ఇక పడమటి వైపు. గన్నిసన్ నుంచి 50 హైవే మీద పార్లిన్, అక్కడ ఉత్తరానికి తిరిగి ఒహాయో సిటీ, పిట్కిన్. పిట్కిన్ దాటాక క్వార్ట్జ్ దగ్గర 839 ఫారెస్ట్ రోడ్డు కుడికి చీలుతుంది. మళ్లీ రైలుకట్టే, ఈసారి బండిలోనే. దారిలో టన్నెల్ గల్చ్ నీళ్ల ట్యాంకు నిలబెట్టి ఉంది. ఆ పైన వుడ్‌స్టాక్. 1884 మార్చి 10న మంచు చరియ దిగి 13 మందిని తీసుకుపోయిన చోటు. ఇప్పుడు అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు, అందుకే ఆగి పైకి కొండవాలు వైపు చూడాలి: చెట్లు లేకుండా నిటారుగా దిగే పట్టీ కనిపిస్తే అది మంచు చరియ దారి. కట్టలు ఎక్కడ నష్టపోయాయో చెప్పడానికి దీనికి మించిన గుర్తు లేదు.

షెరాడ్ దగ్గర కట్ట గుర్రపు నాడాలా వెనక్కి తిరుగుతుంది. ఎత్తు పెరగడానికే కాదు, ఎండ పడే వాలు మీద ఉండడానికి కూడా. ఎండ పడితే మంచు త్వరగా కరుగుతుంది. దిక్సూచి తీసి చూసుకుంటే ఇంజినీరు తెలివి అర్థమవుతుంది.

అందరూ ఫొటో తీసుకునేది పాలిసేడ్స్ గోడ. సుమారు 450 అడుగుల పొడవు, 30 అడుగులు మించిన ఎత్తు, చేత్తో చెక్కిన రాళ్లను సున్నం లేకుండా పేర్చి కట్టింది. గోడ మీదుగా నడుస్తూ చూస్తే ఏమీ తెలియదు. దాటాక మలుపులోంచి వెనక్కి తిరిగి చూడాలి. సున్నం లేకపోవడం బలహీనత కాదు: నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి, లోపల గడ్డకట్టి గోడను తోసేయవు. 2016లో మంచు చరియ ఈ చోటనే దెబ్బతీసింది, బండ్ల రాకపోకలు ఏళ్ల తరబడి ఆగాయి. కాబట్టి పడమటి వైపు రేటింగ్ ఇవ్వాలంటే ఒక షరతు: బయల్దేరే వారం గన్నిసన్ రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి 839 రోడ్డు ఎంతవరకు తెరిచారో అడగండి. చివరిదాకా తెరిచి ఉంటే నాలుగు స్టార్లు, మధ్యలో ఆపేసి ఉంటే మూడు. తూర్పు వైపుకు అడగాల్సింది సాలిడా రేంజర్ ఆఫీసును. ఒకరి రోడ్డు కబురు మరొకరి దగ్గర ఉంటుందనుకోవద్దు.

రోడ్డు కొండ అంచున ఒకే బండి పట్టే వెడల్పు. ఎదురు బండి వస్తే సాధారణంగా దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు దారివ్వాలి, కానీ పక్కకు తప్పుకునే చోటు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లే వెనక్కి వెళ్లడం ఇక్కడ పని జరిగే పద్ధతి. రివర్స్‌లో అర ఫర్లాంగు పోలేనివాళ్లు స్టీరింగ్ పట్టొద్దు.

ఆల్పైన్ స్టేషన్‌లో బాగుచేసిన టెలిగ్రాఫ్ ఆఫీసు, టర్న్‌టేబుల్ (ఇంజన్‌ను వెనక్కి తిప్పే గుండ్రటి వేదిక), కొద్ది దూరం తిరిగి వేసిన పట్టాలు ఉన్నాయి. వాటికంటే మంచు వాళ్లను ఎంత బాధించిందో చెప్పేది 1906లో కాలిపోయిన రాతి ఇంజన్ షెడ్డు శిథిలం. ఇంజన్లతోపాటు టర్న్‌టేబుల్, నీళ్ల ట్యాంకు, బొగ్గు నిల్వ కూడా ఒకే కప్పు కింద పెట్టుకున్నారు. బయట పెడితే చలికాలం ఏదీ కదిలేది కాదు.

వెళ్లే కాలం జూలై మధ్య నుంచి సెప్టెంబర్ చివరి వరకు. ప్రవేశ రుసుము లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. డెన్వర్ 5,280 అడుగులు, ఇక్కడ దానికి రెట్టింపు పైనే. ఆ ఉదయమే బయల్దేరి వస్తే తలనొప్పి, వికారం మామూలు. ముందు రాత్రి తూర్పు వైపు దిగువనున్న బ్యూనా విస్టా ఊళ్లో పడుకోవడం మంచిది. తలనొప్పితోపాటు అడుగు తడబడితే మాత్రం వెంటనే కిందికి దించాలి. పులిహోర కట్టుకెళ్లండి, వంట పెట్టుకోవద్దు: ఈ ఎత్తులో నీళ్లు 89 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అన్నం పలుకు మీదే ఉండిపోతుంది.

మొబైల్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు, మ్యాపులు ఇంట్లోనే దించుకోండి. అమెరికా భూసర్వే వాళ్ల లైడార్ నీడచిత్రం (విమానం నుంచి లేజరుతో నేల ఎత్తుపల్లాలు కొలిచి గీసిన బొమ్మ) ఉచితం. కాంటూరు గీతలను (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను) అతి మెల్లగా కోసుకుంటూ పోయే సన్నని, ఒకే తీరు గీత కనిపిస్తే అదే కట్ట. జీపు దారులు కాంటూర్లను అడ్డదిడ్డంగా తెంచుకుంటూ పోతాయి. ఇక్కడ మేకు ఒకటి జేబులో వేసుకోవడం సరదా కాదు: ఈ చోటు 1996 నుంచి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది, ప్రభుత్వ అటవీభూమిలో వందేళ్లు దాటిన వస్తువును తీయడం ఫెడరల్ నేరం. ఫొటో తీసేటప్పుడు పక్కన కొలతటేపు పెట్టండి, జీపీఎస్ స్థానం రాసుకోండి, మేకును అక్కడే వదిలేయండి.