నాలుగేళ్ల హెడ్‌సెట్, ఏడాదిగా మ్యూట్ లేకుండా

సౌండ్ ఎలా ఉంటుంది, బాస్ ఎంత అనేవి డబ్బా మీదే రాసి ఉంటాయి. నేను చెప్పేది వైరు మధ్యలో ఉండే చిన్న మ్యూట్ స్విచ్ గురించి. 2021 జులైలో బీజీఎంఐ, అంటే ఫోన్‌లో నలుగురు జట్టుగా ఆడే కాల్పుల ఆట, వచ్చిన కొత్తలో 1,400 పెట్టి ఈ హెడ్‌సెట్ కొన్నదే ఆ స్విచ్ కోసం.

నాకు నలభై నాలుగేళ్లు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున ఆరింటికల్లా డ్యూటీ, రాత్రి ఎనిమిదింటి నుంచి ఓ గంట ఆట. మా వీధిలో గేమ్ ఆడేవాడంటే పనీపాటా లేని కుర్రాడే. నేను ఆడతానంటే మొదట అడిగేది "డబ్బులెంత పోయాయి?" అని. ఆన్‌లైన్ రమ్మీని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. కేంద్రం 2025లో తెచ్చిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడేవాటిని ఈ-స్పోర్ట్స్ నుంచి విడదీసింది. మా పక్కింటావిడ లెక్కలో మాత్రం అన్నీ పేకాటే.

ఆట లోపల ఇంకో తలనొప్పి. ఆడగొంతు వినపడితే వెక్కిరింపులు, కాదంటే అతి మర్యాద. అందుకే ఆ స్విచ్. వేలితో తడిమి ఆన్ చేయడం, "వెనక" అనో "ఎడమ" అనో గుసగుసగా ఒక్క మాట, వెంటనే మ్యూట్. మా స్క్వాడ్‌లో మిగతా ముగ్గురికీ నేను "బ్రో"ని. మధ్యలో 2022 జులైలో గేమ్‌ని యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. అప్పటికీ నేను బ్రోనే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు వరద మా పాయకాపురం ఇంట్లోకి వచ్చేసింది. అత్తయ్యనీ, సర్టిఫికెట్లనీ, బియ్యాన్నీ మేడ మీదకు చేర్చాం. హెడ్‌సెట్ కింద మేకుకే వేలాడుతూ ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే బురద ముద్ద. కడిగి, ఆరబెట్టి, నెల తర్వాత పెట్టుకుంటే రెండు చెవుల్లోనూ సౌండ్! చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. మైక్ మాత్రం మూగబోయింది. బీసెంట్ రోడ్డు దగ్గర రిపేర్ కుర్రాడు విప్పి, "స్విచ్ తుప్పు పట్టింది మేడమ్, ఇలాంటిది దొరకదు, డైరెక్ట్ చేసేశా" అని 150 తీసుకున్నాడు. అంటే ఇక మైక్ ఎప్పుడూ ఆన్‌లోనే. గేమ్‌లో కూడా మైక్ బటన్ ఉంటుందిగా అంటారు. ఉంటుంది. రెండు బొటనవేళ్లూ కాల్పుల్లో ఉంటే దాన్నెవరు నొక్కుతారు?

దసరా ముందు ఒకరోజు, చివరి జోన్, అంటే ఆడే చోటు కుంచించుకుపోయిన ఆఖరి ఘట్టం. వంటింట్లో కుక్కర్ కూసింది. "అమ్మాయ్, మూడు విజిల్సయ్యాయి, ఆపవే!" అని అత్తయ్య. "వస్తున్నా అత్తయ్యా, జోన్‌లో ఉన్నా!" అన్నాను, పూర్తి గొంతుతో.

స్క్వాడ్‌లో నిశ్శబ్దం. ఇక ఈ గ్రూపు అయిపోయింది అనుకున్నా. కాసేపటికి ఒక గొంతు: "బ్రో, ముందు వెళ్లి పప్పు మాడకుండా చూడండి, మేం కవర్ చేస్తాం."

తిరిగొచ్చేసరికి అందరూ మైక్‌లో మాట్లాడుకుంటున్నారు. నన్ను పంపించినాయన గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమాస్తా, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇన్నాళ్లూ మగ పేరుతో నాలాగే గుసగుసలాడిన రెండో "బ్రో" తెనాలి అమ్మాయి, ఫార్మసీ చదువుతోంది. పక్కింటావిడ లెక్కకు సరిపోయే కుర్రాడు ఒక్కడే, గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాడు. అతనేమో తొమ్మిది కొట్టగానే పుస్తకం ముందుకు వెళ్లిపోతాడు.

ఇక హెడ్‌సెట్ సంగతి. కొన్న కొత్తలో చెవి మెత్తలు భలే ఉన్నాయని ల్యాబ్‌లో ఇద్దరిచేత కొనిపించాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. రెండో వేసవికే చెమటకి పైపొర పెచ్చులూడింది, పాత నూలు చీర ముక్కతో తొడుగులు కుట్టుకున్నాను. వాళ్లలో ఒకావిడ ఇప్పటికీ నన్ను దెప్పుతూనే ఉంది. మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్, కూలర్ గాలి; ఏసీ గదిలో ఆడేవాళ్లకు అవి ఇంకా నిలుస్తాయేమో. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం స్విచ్ పోయాక దీన్ని వాడటం కష్టమే.

మ్యూట్‌లో ఉన్నప్పుడు లైటు వెలిగే కొత్త రకం చూశాను, 2,200 అన్నాడు. ఇంకా కొనలేదు. మొన్న వేసవిలో ఆవకాయకి మిర్చి రేటు కనుక్కోమని అత్తయ్య వంటింట్లోంచే కేకేసింది. నేను నోరు తెరిచేలోపే గుంటూరు నుంచి జవాబొచ్చింది, తేజా వద్దు పెద్దమ్మా, మరీ ఘాటు అని.