39,200 యెన్ల టూరు, 5 యెన్ల గుడి

నలుగురికి 39,200 యెన్లు. మన డబ్బుల్లో దాదాపు 22,700 రూపాయలు. టోక్యోలో ఒక పూట నడిపించి, ఇనారి అనే దేవతకి కట్టిన ఒక చిన్న గుడి చూపించి, పక్కనే ఉన్న మార్కెట్లో నాలుగు రకాలు తినిపిస్తామన్న టూరుకి నేను కట్టింది అది. గుడి దగ్గర మమ్మల్ని ఆపింది ఆరు నిమిషాలు. ఫోన్లో ఫోటోల టైము చూసి లెక్కేశాను, కోపంతో చెప్పడం లేదు. సరే, కోపంతోనే చెబుతున్నాను.

మిగతా ట్రిప్పు గురించి పెద్దగా రాయడానికి లేదు. క్యోటో బావుంది, ఫుజి కొండ మూడు రోజులూ మబ్బులు దాటి బయటికి రాలేదు, రైళ్ళు చెప్పిన నిమిషానికే వచ్చాయి. టోక్యోలోని ఉయెనోలో గదికి రాత్రికి 13,800 యెన్లు పడింది. సూట్‌కేసు నేలమీద తెరిస్తే మంచం మీదుగా నడిచి బాత్రూంకి వెళ్ళాలి. శుభ్రంగా ఉంది కాబట్టి మా ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అనను.

టూరు పేజీలో మూడు మాటలు రాసి ఉన్నాయి. గ్రూపులో ఎనిమిది మందికి మించరు, గుడి చరిత్ర వివరంగా చెబుతారు, వెజిటేరియన్లకి వేరే ఏర్పాటు ఉంటుంది. మూడో మాట చూసే బుక్ చేశాను. అమ్మ చేప, మాంసం మానేసి పదకొండేళ్ళయింది. పొద్దున్న తొమ్మిదింటికి త్సుకిజి స్టేషన్ బయటికొచ్చేసరికి పద్నాలుగు మందిమి ఉన్నాం. గైడు పాతికేళ్ళ కుర్రాడు. చేతిలో పచ్చ జెండా, నోట్లో గుక్క తిప్పుకోని ఇంగ్లీషు. స్టేషన్ పక్కనే త్సుకిజి హొంగన్‌జి అనే పెద్ద బౌద్ధాలయం ఉంది. ఇప్పుడున్న కట్టడాన్ని 1934లో ఇతో చూత అనే ఆర్కిటెక్టు మన పాత బౌద్ధ కట్టడాల పద్ధతిలో కట్టాడు. ముందు భాగం చూడగానే అజంతా చైత్యాల కమాను గుర్తొస్తుంది. లోపలికి ఎవరైనా ఊరికే వెళ్ళొచ్చు. మేం మాత్రం గేటు బయట నిలబడి జెండా వెనకే కదిలిపోయాం.

తర్వాత అసలు గుడి, నామియోకె ఇనారి. "ఇది నక్క దేవుడి గుడి, చేపల మార్కెట్ కోసం కట్టారు, నామియోకె అంటే అలల్ని ఆపేది, ఫోటోలు తీసుకోండి, మూడు నిమిషాలు" అన్నాడు. అంతే చరిత్ర. అందులో సరైనది పేరుకి చెప్పిన అర్థం ఒక్కటే.

ఇక తిండి. మొదట ఆగిన కొట్లో గొడ్డుమాంసం పుల్లకి 3,000 యెన్లు, అది టూరు డబ్బుల్లో లేదట. పక్క కొట్లో అదే సైజు పుల్ల 2,000కే ఉందని మా వాడు కనిపెట్టాడు. పదమూడేళ్ళవాడు, ఇలాంటివాటిలో కళ్ళు బాగా పనిచేస్తాయి. ఏ కొట్లోకి వెళ్ళినా ముందు గైడుకి నమస్కారం, తర్వాత మాకు. అమ్మకి ఇచ్చిన వేరే ఏర్పాటు ఏమిటంటే, పుల్లకి గుచ్చిన గుడ్డు అట్టు. గుడ్డు తినదని చెబితే ఒక కప్పులో మిసో సూపు, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన సూపు, తెచ్చి పెట్టాడు. చేపలేదీ లేదు, ఉత్త సూపేనన్నాడు. అమ్మ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కింద పెట్టేసింది.

"ఒరే, ఇది ఎండుచేప నీళ్ళురా. ఉప్పాడలో పుట్టినదానికి చెబుతున్నాడా ఈ పిల్లాడు?"

ఉత్త సూపు అనేది జపాన్‌లో దాదాపు ఉండదు. ఎండబెట్టిన బొనీటో చేపని పల్చగా చెక్కి మరిగించిన దాషి అనే నీళ్ళు సూపులో, గుడ్డు అట్టులో, ఒక్కోసారి కూరగాయల్లో కూడా పడతాయి. గైడుకి ఇది తెలియకుండా ఉండదు. ఆ పూట అమ్మ పర్సులో ఉన్న వేరుశనగ చిక్కీతో సరిపెట్టుకుంది. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి యెన్లలో ఖరీదు కట్టలేను.

రాత్రి గదికొచ్చి పెరుగన్నం తింటూ అమ్మే అడిగింది. "ఆ అలల గుడికి ఇంకోసారి తీసుకెళ్తావా?"

ఎందుకడిగిందో నాకు వెంటనే తట్టలేదు. ఉప్పాడలో మా అమ్మమ్మగారి ఇల్లు ఇప్పుడు లేదు. ఆ వీధే లేదు. అక్కడ సముద్రం ఏటా కొంచెం ఊరిని తినేస్తూ వస్తోంది. రాళ్ళు పోశారు, ఇసక నింపిన జియో ట్యూబులు వేశారు, తుఫానొస్తే అవీ లేచిపోతాయి. అలల్ని ఆపే దేవుడు ఒకాయన ఉన్నాడంటే అమ్మ ఆరు నిమిషాల్లో ఎలా వదిలిపెడుతుంది?

మర్నాడు ఏడున్నరకల్లా మేమే వెళ్ళాం. ఉయెనో నుంచి హిబియా లైన్లో త్సుకిజికి మనిషికి 180 యెన్లు. నలుగురికి 720. ఈసారి జెండా లేదు.

ఊళ్ళో వీధి చివర పోచమ్మ గుడి ఎంతుంటుందో, ఇదీ అంతకి కాస్త ఎక్కువ, అంతే. మార్కెట్ వీధి చివర తోరీ, అంటే గుడి ముందుండే ద్వారం, దాటగానే ఎదురుగా గుడి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి సింహం తలలు. చెక్కతో చేసినవే గానీ మనిషికన్నా ఎత్తు. మగదాని బరువు ఒక టన్ను, ఆడదాని బరువు 700 కిలోలు. ఆడ సింహం పళ్ళు నల్లగా ఉన్నాయి. "పొగాకు నములుతుందా?" అంది అమ్మ. పాతకాలంలో జపాన్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు పళ్ళకి నల్లరంగు వేసుకునేవారు, ఈ సింహానికీ అదే అలంకారం. జూన్‌లో జరిగే సింహాల పండగ ఈ గుడిదే.

గైడు మింగేసిన చరిత్ర ఇదీ. 1657లో ఎడో ఊరు, అంటే ఇప్పటి టోక్యో, సగానికి పైగా తగలబడిపోయింది. జనానికి చోటు కావాలి, అందుకని సముద్రాన్ని పూడ్చి కొత్త నేల చేయడం మొదలుపెట్టారు. త్సుకిజి అన్న మాటకి అర్థమే కట్టిన నేల. పైన చెప్పిన బౌద్ధాలయం కూడా ఆ మంటల్లో పోయి ఇక్కడికి వచ్చిందే. అన్నీ బాగానే సాగాయి గానీ ఈ మూల మాత్రం కట్ట వేసిన ప్రతిసారీ అలలకి కొట్టుకుపోయేది. ఒక రాత్రి నీళ్ళ మీద ఏదో వెలుగుతూ తేలుతుంటే పడవ వేసుకెళ్ళి చూశారట, అది ఇనారి దేవుడి మూర్తి. తెచ్చి 1659లో ఇక్కడ గుడి కట్టారు. ఆ తర్వాత అలలు తగ్గాయి, కట్ట నిలిచింది. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. అమ్మ నమ్మింది.

మరి చేపల మార్కెట్? అది ఎప్పుడో తర్వాతి సంగతి. నిహొన్‌బాషిలో ఉన్న పాత మార్కెట్ 1923 భూకంపంలో పోయాక, త్సుకిజిలో కొత్తది 1935లో తెరిచారు. గుడికి అప్పటికి 276 ఏళ్ళు. 2018 అక్టోబరులో ఆ పెద్ద మార్కెట్ కూడా తొయోసు అనే చోటికి వెళ్ళిపోయింది. బయటి వీధుల కొట్లు మిగిలాయి, గుడి మిగిలింది.

నక్క దేవుడని గైడు అన్న మాట కూడా తప్పే. ఇనారి వరి పంటకి, వ్యాపారానికి దేవత. నక్క ఆ దేవత దగ్గర కబుర్లు మోసే బంటు. వినాయకుడి గుడికెళ్ళి ఎలక దేవుడు అన్నట్టుంది ఈయన చెప్పింది. క్యోటోలో ఎర్ర తోరీల వరస ఉండే ఫుషిమి ఇనారి వీటన్నిటికీ పెద్ద, 711లో మొదలైందంటారు. ఎడో రోజుల్లో ఈ గుళ్ళు ఎన్ని ఉండేవంటే, ఊళ్ళో ఎటు చూసినా కనిపించేవి మూడేనని ఒక సామెత. ఇసెయా అని పేరు పెట్టుకున్న కొట్లు, ఇనారి గుళ్ళు, కుక్కల పెంట. మా వాడికి ఈ ట్రిప్పు మొత్తంలో గుర్తున్న చరిత్ర ఇదొక్కటే.

బౌద్ధుల దగ్గరికి వచ్చేసరికి ఇనారిని దాకినితెన్ అనే దేవతతో కలిపేశారు, నక్క మీద కూర్చునుంటుంది. దాకిని అంటే మన డాకినే, ఇక్కడినుంచి వెళ్ళిందే. అమ్మకి చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "లలితా సహస్రనామంలో డాకినీశ్వరీ అని రోజూ చదువుతున్నాగా" అనేసి ముందుకి నడిచింది.

ఆవరణలో ఒక పక్క రాళ్ళు వరసగా ఉన్నాయి. రబ్బరు బూట్లేసుకున్న ఒక పెద్దాయన వచ్చి వాటిలో ఒక రాయి ముందు తల వంచి నిలబడ్డాడు. నేను ఫోన్లో అనువాదం పెట్టి అడిగాను. ఆయన వేలితో ఒక్కో రాయీ చూపించాడు. రొయ్యలకి ఒకటి, గుడ్లకి ఒకటి, ఆంకో చేపకి ఒకటి, సుషీకి ఒకటి. తమ చేతిలో పోయిన ప్రాణాలకి ఆయా వ్యాపారాలవాళ్ళు పెట్టుకున్న రాళ్ళు. ఆయన గుడ్డు అట్ల కొట్టువాడు, కొట్టు తెరిచేముందు రోజూ వస్తాడట. గొడ్డుమాంసం అన్నం అమ్మే యొషినోయాకీ ఇక్కడొక రాయి ఉంది, త్సుకిజి మార్కెట్లో వాళ్ళకి చాలా ఏళ్ళు కొట్టుండేది.

అమ్మ రొయ్యల రాయి దగ్గర చాలాసేపు నిలబడింది. "మా నాన్న ఎన్ని బుట్టలు అమ్మాడో" అంది. ఎవరితో అందో తెలియదు. చెప్పులు విప్పబోయింది, అక్కర్లేదని మా ఆవిడ చెప్పింది. "ఉండవే" అని విప్పి, మన పద్ధతిలోనే దణ్ణం పెట్టుకుంది. పెద్దాయన తన పద్ధతిలో ఇంకోసారి వంగాడు.

ఖర్చు సంగతి. గుడికి టికెట్టు లేదు. పెట్టెలో వేయడానికి 5 యెన్ల నాణెం మంచిదట, గో-ఎన్ అంటే 5 యెన్లు, అదే ఉచ్చారణకి బంధం అనే అర్థం కూడా ఉంది. అమ్మ వేసింది అదే, మూడు రూపాయల లోపు. అక్కడివాళ్ళు దణ్ణం పెట్టే పద్ధతి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు, మళ్ళీ ఒకసారి వంగడం. గుడి ముద్ర వేసి బ్రష్షుతో పేరు రాసిచ్చే కాగితానికి 500 యెన్లు ఇచ్చాం. కాగితం మీద సిరా ఆరకముందే మడవకండి, మేం మడిచి ఒక మూల పాడుచేసుకున్నాం.

వెళ్ళేవాళ్ళు ఎనిమిదిలోపే వెళ్ళండి. తొమ్మిది దాటితే జెండాలొస్తాయి. బుధవారం, ఆదివారం మార్కెట్లో చాలా కొట్లు మూసేస్తారు, కానీ గుడికోసమైతే నిజానికి ఆ రోజులే నయం. తింటూ నడవకండి, అక్కడివాళ్ళకి నచ్చదు. శాకాహారులు పెరుగు, అన్నం ముందే కొని పెట్టుకోండి, ఎవరి మాటా నమ్మకండి.

టూరువాళ్ళకి పెద్ద ఉత్తరం రాశాను. పద్నాలుగు మంది, ఆరు నిమిషాలు, సూపు, అన్నీ రాశాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది. డబ్బు వాపసు లేదు, మళ్ళీ వాళ్ళ టూరు తీసుకుంటే పది శాతం తగ్గిస్తారట, కూపన్ ఆరు నెలలు చెల్లుతుందట. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను.