ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5: బీరువాలోంచి మళ్లీ బజారులోకి
నా పాత ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాని జూమ్ లెన్సు కలిసి రెండు కిలోలకు పైగా తూగేవి కాబట్టి, పెళ్లిళ్లకు తప్ప బీరువా దాటేవి కావు. వాటిని అమ్మి, 2022 నవంబరులో విడుదలైన ఎక్స్-టీ5 కెమెరాను, 35 ఎంఎం ఎఫ్2 లెన్సును తీసుకున్నాను. బ్యాటరీ, కార్డుతో సహా బాడీ బరువు 557 గ్రాములే. షట్టర్ వేగానికి, ఐఎస్ఓకు (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయికి) పైన విడివిడి డయళ్లు, ఎపర్చరుకు (వెలుగు లోపలికి వచ్చే రంధ్రానికి) లెన్సుపైనే రింగు ఉండడంతో, కెమెరాను ఆన్ చేయకముందే వెలుగును అంచనా వేసి అన్నీ అమర్చుకోవడం అలవాటైంది. అసలు ఆనందం అక్కడే ఉంది. హైదరాబాదు లాడ్ బజార్‌లో సాయంత్రం, కెమెరాలోనే ఉండే క్లాసిక్ క్రోమ్ అనే రంగుల అమరికలో తీసిన గాజుల దుకాణాల చిత్రాలను కంప్యూటరులో దిద్దవలసిన అవసరమే రాలేదు. 40.2 మెగాపిక్సెళ్లు నా బోటివాడికి ఎక్కువే. కెమెరాను నిలువుగా పట్టుకుని తీయడానికి, అదనపు బ్యాటరీకి పనికొచ్చే నిలువు గ్రిప్ తగిలించే వీలు లేదు కనుక, పెళ్లిళ్లు తీసేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.